ఒక వేలెడు ఎత్తు

“గేటు పుట్టినప్పుడే దానికి ముసలితనం రాసిపెట్టి ఉంటుందమ్మాయ్. ఒక వైపు బందులకి వేలాడుతుంది, రెండో వైపు గాల్లో ఉంటుంది. గాల్లో ఉన్నది ఇవాళ కాకపోతే రేపు వాలుతుంది. అందుకని ఆ వైపు ముందే ఒక వేలెడు ఎత్తు పెట్టి చేస్తాం. బిగించిన ఏడాదికి అదే దిగి సమంగా నిలబడుతుంది. చేసిన రోజు వంకర, తర్వాత తిన్నన. పని నేర్పినాయన నాకు మొట్టమొదట చెప్పిన మాట ఇదే. నన్ను ముంచిందీ ఇదే.”

బాబాయ్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఉన్న ఇనుప ఫ్రేము వంక చూడడం లేదు. చేతి తొడుగు విప్పి, బొటనవేలి దగ్గర ఊడిన కుట్టు చూస్తున్నాడు. ఫ్రేము నాలుగు ఇటుకల దొంతుల మీద ఉంది. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు అయిదు. ముందు వైపు రెండు గొట్టాలు కలిసి ముక్కులా పొడుచుకొచ్చాయి; కారు వెనక కొక్కేనికి తగిలించే చోటు అది. గడపకీ వీధి గోడకీ మధ్య ఉన్న సిమెంటు వాకిలంతా ఫ్రేమే. లోపలికి వెళ్ళాలంటే పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని, వీపు గోడకి రాసుకుంటూ నడవాలి.

మా వీధిలో పదిహేడు ఇళ్ళుంటే పదకొండు గేట్లు ఆయన చేసినవే. అందుకే అందరికీ గేటు బాబాయ్. ఆయన ఇంటికి మాత్రం గేటు లేదు. ఎందుకని అడిగితే, “దొంగ వస్తే కాస్త కబుర్లయినా చెబుతాడు కదా” అంటాడు.

ఈ ఫ్రేము పిన్ని కోసం. పిన్ని ఇరవై ఆరేళ్ళు నూలు మిల్లులో నిలబడి పనిచేసింది. “నా ఊపిరితిత్తుల్లో నాలుగు పరుపులకి సరిపడా దూది ఉందే. ఇంట్లో చూస్తే ఒక్క పరుపు” అని నవ్వుతుంది, నవ్వినందుకు దగ్గుతుంది. ఆ మిల్లు వాళ్ళు ఏటా ఒక బస్సులో పనివాళ్ళని సముద్రం చూపించడానికి తీసుకెళ్ళేవారు. వంతుల ప్రకారం. పిన్ని వంతు వచ్చిన ఏడు మిల్లే మూతపడింది. వెళ్ళొచ్చినవాళ్ళు సంచుల్లోంచి ఇసుక దులపడం చూడడమే తప్ప సముద్రం చూడలేదు. కారులో వెళ్తే నాలుగు గంటల దూరం.

ఆ నాలుగు గంటలే ఇప్పుడు ఆమె వల్ల కావడం లేదు. అరగంట కూర్చుంటే అరగంట వెనక్కి వాలి పడుకోవాలి. మొదట్లో నేనూ తెలివిగా సలహా ఇచ్చాను, అక్కడ లాడ్జిలో గది తీసుకోవచ్చు కదా అని.

“గది అంటే మెట్లు” అన్నాడు బాబాయ్. “మెట్లెక్కితే తడి గోడ. తడి గోడ లేకపోతే ముందు దిగినవాడు కాల్చిన సిగరెట్టు వాసన. మీ పిన్నికి అది చాలు, తెల్లవార్లూ దగ్గు. దాని మంచం దానితో రావాలి. అంతే.”

అందుకని రెండు చక్రాల బండి. ఫ్రేము మీద చెక్కతో మంచం పట్టేంత చిన్న గది, దానికి రెండు కిటికీలు. పిన్ని తమ్ముడు తన కారుకి తగిలించి లాగుతానన్నాడు. దారిలో అరగంటకోసారి ఆపడం, పిన్ని కారు దిగి వెనక బండిలో పడుకోవడం, మళ్ళీ బయలుదేరడం. కిటికీలకి పరదాలని పిన్ని పసుపు చారల గుడ్డ కూడా కొనిపించుకుంది. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: వెళ్ళేదేదో వానలు పడకముందే వెళ్ళండి, చెమ్మగాలి మొదలయ్యాక ఇల్లు కదలనివ్వను. అప్పటికి వానలకి మూడు నెలలుంది.

మొదటి ఫ్రేము మూడు వారాల్లో పూర్తయింది. ఇరుసు బిగించి, చక్రాలు తొడిగి, బావమరిది కారుకి కట్టి వీధిలో ఒక చుట్టు తిప్పారు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. కారు తిన్నగా వెళ్తుంటే వెనక ఫ్రేము ఒక పక్కకి ఒరిగి, ఎవరో పిలిచినట్టు అటే లాక్కుంటూ నడిచింది. ఎదురింటి టైలరు కుట్టుమిషను ఆపి మరీ అన్నాడు: “ఏం బాబాయ్, సముద్రం చూడకముందే పీతని పట్టుకొచ్చావే.”

బాబాయ్ కూడా నవ్వాడట. ఇంటికొచ్చి మూల నుంచి ఎదురు మూలకి, రెండు వైపుల నుంచీ టేపు పట్టాడు.

“రెండు కొలతలూ సమానంగా రావాలమ్మాయ్. వస్తేనే నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నట్టు. ఒకటి వేలెడు ఎక్కువొచ్చింది. దీనిలో చోద్యం ఏంటంటే, అది నేను ముందే చూశాను. అతికే ముందు కొలిచాను, వేలెడు తేడా కనబడింది, హమ్మయ్య బాగా వచ్చింది అనుకుని అతికేశాను. ఇంకొకడైతే తేడా చూసి ఆగేవాడు. నాకు నలభై ఏళ్ళుగా తేడా లేకపోతేనే భయం.”

కోసేశాడు. రెండోసారి మొదలుపెట్టే ముందు సుద్దముక్కతో వాకిట్లో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: ఇది గేటు కాదు. అది చూసి పిన్ని లోపల్నుంచి, “కింద సంతకం కూడా పెట్టు, లేకపోతే నమ్మవు” అందట.

ఈసారి కొలతలు సమానంగా వచ్చాయి. మూలల్లో కదలకుండా నాలుగు వెల్డింగు చుక్కలు మాత్రం పెట్టి, మర్నాడు పూర్తిగా అతుకుదామని వదిలాడు. మర్నాడు పిన్నికి ఊపిరి ఆడలేదు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నారు. తిరిగొచ్చిన మధ్యాహ్నం పిన్నిని పడుకోబెట్టి, బట్టలైనా మార్చుకోకుండా ఫ్రేము దగ్గరికి వచ్చాడు.

“వచ్చి చూస్తే ఆ మూల వాలిపోయినట్టుంది. నా కంటికి. టేపు తియ్యాల్సింది. తియ్యలేదు. సుత్తి తీసుకుని ఆ మూల రెండు దెబ్బలు వేశాను. అప్పుడు బావుందనిపించింది. పొద్దుగూకేలోపు అతికేశాను.” చేతి తొడుగు మోకాలి మీద పెట్టాడు. “చెయ్యి మాట వినకపోతే సరే, మందలించొచ్చు. కన్నే అబద్ధం చెబితే ఏం చేస్తాం?”

ఆ సంగతి ఈ పొద్దున బయటపడింది. బండి అడుగున పరిచే చెక్క పలకలకి కొలత తీస్తుంటే ఒక మూల కలవలేదు.

మంచినీళ్ళ కోసం నేను లోపలికి వెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద పిన్ని మూడు దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో సూదీ దారమూ. మూడు దిళ్ళకీ కొత్త గలేబులు. పసుపు చారలు.

నేను చూడడం ఆమె చూసింది.

“పొద్దున్నుంచి కుట్టాను” అంది. ఒక్కో మాటకీ ఆగి గాలి తీసుకుంటోంది. “గుడ్డ ఊరికే పడుంటే ఎలుకలు కొడతాయి.”

“బాబాయ్ చూశాడా?”

“ఎక్కడా. పొద్దున్నుంచి అక్కడే. సుత్తి చప్పుడు లేదు, రంపం చప్పుడు లేదు. చప్పుడు లేదంటేనే తెలిసిపోయింది నాకు.” దారం పళ్ళతో కొరికింది. “గేటు మనిషి ఏం చేసినా గేటే అవుతుందని నేను ముందే అన్నాను. ఏదో నవ్వులాటకి అన్నాను. తగిలింది చూడు.”

“మళ్ళీ చేస్తాడేమో పిన్నీ.”

“చేస్తాడు. వాన ఆగుతుందా?” అంది. తర్వాత, “నీళ్ళు తాగి వెళ్ళు. ఆయనకీ ఒక గ్లాసు పట్టుకెళ్ళు, దాహమేస్తోందని కూడా గుర్తుండదు.”

నేను వచ్చేసరికి బాబాయ్ టేపు విప్పి నిలబడి ఉన్నాడు. నీళ్ళు అందుకుని గడగడా తాగాడు. “ఆ చివర పట్టుకో. నా చేత్తో కాకుండా నీ చేత్తో చూద్దాం” అన్నాడు. పట్టుకున్నాను. ఒక మూల నుంచి ఎదుటి మూలకి. తర్వాత అటు నుంచి ఇటు. నా చేతికీ వేలెడు తేడాయే వచ్చింది. ఆయన టేపు మీద ఆ రెండు కొలతల గీతల మధ్య చూపుడువేలు పెట్టాడు. కొలిచి చేసినట్టు పట్టింది.

“కోసి మళ్ళీ అతకలేమా బాబాయ్?”

“ఇప్పటికే ఒకసారి కోసి అతికాను. రంపం తిన్నది పోను గొట్టాలు పొట్టివైపోయాయి. మళ్ళీ కోస్తే మంచం పట్టదు. కొత్త గొట్టాలు తెచ్చి మొదట్నుంచీ చెయ్యాలి. ఫ్రేముకి మూడు వారాలు, పైన గదికి నెల.” గోడ పైనుంచి ఆకాశం వంక చూశాడు. పడమర మబ్బు ఇంకా పలచగానే ఉంది. “వానలు ఇరవై రోజుల్లో అంటున్నారు.”

టేపు మెల్లిగా డబ్బీలోకి చుట్టుకుంది. ఆయన వెళ్ళి గోడ మీది సుద్ద అక్షరాల్ని అరచేత్తో తుడిచాడు. పూర్తిగా పోలేదు, కొంచెం తెల్లగా అలాగే మిగిలాయి.

నేను చెప్పులు వేసుకుంటుంటే పిలిచాడు.

“అమ్మాయ్, ఒక్క మాట. మళ్ళీ ఒకసారి లోపలికి వెళ్ళిరా. మీ పిన్నితో చెప్పు, ఆ పరదా గుడ్డ ఇప్పుడే కత్తిరించొద్దని. కిటికీ కొలతలు కాస్త మారతాయట అని చెప్పు. నేను చెబితే నా మొహం చూసి ఎందుకని అడుగుతుంది. నువ్వయితే నవ్వుతూ చెప్పగలవు.”