పొలిమేర రాయి

కుప్పం దగ్గర ఒక పల్లెలో నడిచి నడిచి, చేను గట్టు మీది రాతిపై అటో కాలు, ఇటో కాలు వేసి కూర్చున్నాను. వేరుశనగ పీకుతున్న ముసలమ్మ "లెయ్యప్పా, ఆడ కూసోకూడదు!" అని అరిచింది.

దిగ్గున లేచాను. రాయికి ఇటు పసుపు, అటు కుంకుమ. అది ఆంధ్రా, తమిళనాడుల హద్దు రాయట! ఇంతసేపూ నా కాళ్లు చెరో రాష్ట్రంలో ఉన్నాయన్నమాట! ఎగిరి గంతేయాలనిపించింది.

"హద్దు రాయికి పూజేంటమ్మా?"

"మా తాతల కాలంలో దీన్ని ఒకసారి మేము జరిపితే, ఇంగోసారి అవతలి ఊరోళ్లు జరిపేవాళ్లు. ఒకటే కొట్లాట. ఆఖరికి రెండూర్లోళ్లూ కలిసి పూజ మొదలుపెట్నారు. పసుపు మాది, కుంకుమ వాళ్లది."

"ఆ తర్వాత ఎవరూ జరపలేదా?"

ఆమె నవ్వింది. "రాయినైతే జరపొచ్చు. దేవర్ని యాడికి జరుపుతావప్పా?"