ఎగరని మిడతలు

మా ఇంట్లో ఉన్నది బల్లి కాదని వచ్చిన ప్రతివాళ్లకీ రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఒక్కరూ వినరు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కిటికీ పక్కన గాజు తొట్టిలో దాన్ని చూసి, కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కి జరుగుతారు. దీన్ని లెపర్డ్ గెకో అంటారండీ, ఇది గోడలెక్కదు, దీనికి కనురెప్పలుంటాయి, ఎలా ఆర్పుతుందో చూడండి అని నేను మొదలుపెట్టేసరికి వాళ్లు గుమ్మం దాటేసి ఉంటారు.

అది మా అమ్మాయిది. గుంటూరులో చదువుకుంటూ స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని హాస్టల్లో దాచింది. వార్డెన్ కంట పడగానే చిలకలూరిపేట పట్టుకొచ్చి, రెండు వారాలు చూడమ్మా అని నా కుట్టుమిషన్ పక్కన పెట్టి పోయింది. ఆ రెండు వారాలు ఇంకా అవలేదు. మొదట్లో నాకూ అసహ్యమే. పట్టకారుతో పురుగును పట్టుకుని, మొహం అటు తిప్పుకుని అందించేదాన్ని. ఒకరోజు పట్టకారు కనిపించక వేళ్లతోనే పెట్టాను. అది నా వేలు చివర ఒకసారి నాకి, పురుగును మాత్రం జాగ్రత్తగా తీసుకుంది. మా ఆయనకీ, సెలవులకొచ్చే అమ్మాయికీ వండి పెడుతున్నాను గానీ, ఇంత మర్యాదగా నా చేతి తిండి తిన్నది అదొక్కటే.

దాని ఆరోగ్యమంతా తోకలో ఉంటుంది. ఒంట్లోని కొవ్వు అక్కడే దాచుకుంటుంది. తోక లావుగా ఉంటే బాగున్నట్టు, చిక్కిపోతే జబ్బు చేసినట్టు. నేను దర్జీదాన్ని కదా, ఆదివారం ఆదివారం టేపు తీసి తోక చుట్టుకొలత చూసేదాన్ని. మా ఆయన చొక్కా కొలతైనా మరిచిపోతానేమో, అది మరిచిపోను.

ఇక మా అన్నయ్య సంగతి చెప్పాలి. అద్దంకి దగ్గర మా పుట్టింటి ఊళ్లో మిరప, పత్తి వేస్తాడు. మా వైపు మిరప రైతులు మార్కెట్ యార్డుకి పంపే పంటకి వారం వారం మందు కొడతారు. మా నాన్న మాత్రం బోరు పక్కన రెండు సాళ్లు విడిగా ఉంచేవాడు. ఇంటి సాళ్లు అనేవాళ్లం. వాటికి చుక్క మందు తగలనిచ్చేవాడు కాదు. పండినా పండకపోయినా ఇంటి కారం, పచ్చళ్లు, ఆడపిల్లకి పంపే కాయలు వాటివే. నాన్న పోయాక అన్నయ్య ఆ పద్ధతి నిలబెట్టాడు. ఏటా మొదటి కోత కాగానే నా పేర ఒక బస్తా వచ్చేది. దించుతూ ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "మందు కొట్టనివే అమ్మాయ్, కళ్లు మూసుకుని తిను." నేను కళ్లు మూసుకునే తిన్నాను. అంతటితో ఆగానా. కారం పట్టించి, చిన్న చిన్న పొట్లాలు కట్టి, బ్లౌజులు తీసుకెళ్లే ఆడవాళ్లకి పంచిపెట్టాను. మా అన్నయ్య పంపాడండీ, మందు కొట్టనిది అని వీధి వీధంతా చెప్పుకున్నాను.

మొన్న కార్తీకంలో వానలు పట్టుకున్నప్పుడు, గెకోకి హైదరాబాద్ నుంచి పార్సిల్లో వచ్చే పురుగులు బూజు పట్టి చచ్చి వచ్చాయి. రెండోసారీ అంతే. అన్నయ్యకి ఫోన్ చేసి, ఇంటి సాళ్లలో మిడతలుంటే నాలుగు పట్టిపెట్టమన్నాను. అతను చాలాసేపు నవ్వాడు. లోకంలో బల్లి మీద పడితే మనుషులు తలకి పోసుకుంటారు, నువ్వేమో బల్లికే స్నానం చేయిస్తున్నావు అన్నాడు. నిజమే, కుబుసం విడవక వేళ్లకి పట్టేసినప్పుడు గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టేదాన్ని. నవ్వితే నవ్వాడు గానీ మూడో రోజుకల్లా తనే బస్సెక్కి వచ్చాడు. మూతకి బెజ్జాలు పెట్టిన నీళ్ల సీసాలో పాతిక దాకా మిడతలు తెచ్చాడు.

ఎంత బుద్ధిమంతపు మిడతలని. మూత తీస్తే ఒక్కటీ ఎగరలేదు. పార్సిల్లో అప్పుడప్పుడు వచ్చే కీచురాళ్లు ఇల్లంతా గెంతి నా ప్రాణం తీసేవి. వీటిని తాపీగా రెక్క పట్టుకుని తీయొచ్చు. మా ఊరి మిడతలకి కూడా నా కష్టం తెలుసు అని అన్నయ్యతో అన్నాను. అతను సీసా మూత బిగించాడు. అప్పుడే బస్సుకి టైమవుతోందని లేచాడు.

ఐదో రోజున గెకో మొహం తిప్పేసుకుంది. ఆరో రోజూ అంతే. ఆదివారం టేపు చుడితే తోక కొలత తగ్గింది. చలికి తిండి తగ్గిస్తాయని అమ్మాయి ఫోన్‌లో చెబితే, తొట్టి కింద వేడి పట్టా మార్చాను. ఆ మధ్యాహ్నం బ్లౌజుకి హుక్కులు కుడుతూ తొట్టి వైపు చూస్తే, దాని ముందు కాళ్లు వణుకుతున్నాయి. చలికి వణికే జంతువు కాదది.

అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. నా ముందు రెండు గేదెలు, ఒక మేక ఉన్నాయి. డాక్టరు గారు మంచివాడు. తెలియనిది తెలియదని ఒప్పుకునే మనిషి. ఇలాంటి దాన్ని ఎప్పుడూ చూడలేదని చెప్పి, హైదరాబాద్‌లో తనతో చదివిన ఒకాయనకి ఫోన్ చేసి, అటు వింటూ ఇటు నన్ను అడిగాడు. ఏం పెడుతున్నారు, ఎక్కడివి, మిరప తోటలోవా? మా ఇంటి సాళ్లవండీ, మందు కొట్టరు అన్నాను. ఆయన ఫోన్ పక్కకి తీసి, "ఈ చుట్టుపక్కల మందు కొట్టని మిరప ఉందంటారా అమ్మా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మీకు మా అన్నయ్య సంగతి తెలియదండీ అని గేదెల వాళ్లంతా వినేలా అన్నాను. ఆసుపత్రి వరండాలోంచే ఫోన్ చేశాను. విషయం దాచకుండా చెప్పాను: ఇది వణుకుతోంది, మందేమోనని డాక్టరు అనుమానపడుతున్నాడు, కొట్టి ఉంటే చెప్పెయ్, విరుగుడు ఇస్తాడు.

"మన సాళ్లకి నేనెందుకు కొడతానే? చలికై ఉంటుంది. ఇంకో సీసా పంపిస్తాలే."

లోపలికి వెళ్లి డాక్టరు గారికి గర్వంగా చెప్పాను. ఆయనేం చేస్తాడు. సూది లేని సిరంజితో తిండి నోట్లో వెయ్యమన్నాడు. నేను ఇంటికొచ్చి ఆ సీసాలో మిగిలిన మిడతలనే మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, నాలుగు రోజులు చుక్క చుక్కగా తాగించాను. దానికి తినాలని లేదు. అయినా సిరంజి పెదవికి ఆనించి, నా వేలితో గడ్డం కింద రాస్తే నోరు తెరిచేది. నా వేలని తెరిచేది. నాలుగో రోజున తల ఎత్తలేకపోయింది.

రెండో సీసా ఇంకా రాలేదు. అన్నయ్యకి చెప్పకుండా, మిడతలు నేనే పట్టి తెచ్చుకుందామని బయలుదేరాను. అద్దంకిలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా చేలోకి నడిచాను. బోరు దగ్గర మోటారు చప్పుడు వినిపించింది. వీపున మందు పంపు, మొహానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఇంటి సాళ్ల మధ్య నడుస్తున్నాడు. మొహం కనపడకపోయినా, ఎడమ కాలు కొంచెం ఈడ్చే ఆ నడక నాకు తెలియదా. గట్టు మీద రంగు రంగుల మందు సీసాలున్నాయి. వాటి పక్కన ఒక మిడత కూర్చుని ఉంది. నేను వంగి వేలితో ముట్టుకున్నాను. అది ఎగరలేదు.

నేను రైతు కూతుర్ని. మిడత ఎందుకు ఎగరదో నాకు తట్టి ఉండాల్సింది. అతనికైతే పట్టేటప్పుడే తెలుసు. తెలిసే సీసాలో వేసి, తెలిసే బస్సెక్కి తెచ్చి, నా మాటకి నోరు మెదపకుండా లేచి వెళ్లాడు.

నన్ను చూసి వీపు మీది మోటారు ఆపాడు. తువ్వాలు దించి, ఏంటమ్మాయ్ చెప్పకుండా వచ్చావు అన్నాడు. ఎన్నేళ్లనుంచి అని అడిగాను. దేని గురించి అని అతను అడగలేదు.

"మూడేళ్లు. నల్లతామర పురుగు వచ్చినప్పటినుంచి. ఈ రెండు సాళ్లు వదిలేస్తే పురుగంతా ఇక్కడే కాపురం పెట్టి చేనంతా ఊడుస్తది. నన్నేం చెయ్యమంటావు?"

"కొట్టానని చెప్పమంటాను."

"నువ్వు ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంటే ఎట్టా చెప్పేది. నేనూ అదే తింటున్నా కదే. మాకేమైంది?"

చేను పోతే తట్టుకోలేడని నాకు తెలుసు. కొట్టినందుకు నాకు కోపం లేదు. నేను ఆసుపత్రిలో నిలబడి, ఒక ప్రాణం పోతోంది నిజం చెప్పమని అడిగిన రోజున కూడా కొట్టలేదన్నాడే, అందుకు. అదే చెప్పాను. అతను పంపు దించి పక్కన పెట్టి, తల గోక్కుని అన్నాడు: "బల్లే కదా అనుకున్నా."

వదిన గట్టు దాకా వచ్చి భోజనానికి పిలిచింది. వెళ్లలేదు. పుట్టింట మంచినీళ్లు ముట్టకుండా తిరిగి రావడం నాకు అదే మొదటిసారి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చిలకలూరిపేట దాకా ఏడ్చాను. నన్ను అతను మోసం చేశాడు సరే, దాని నోట్లో విషం పోసిన చెయ్యి నాది. అది నన్ను నమ్మి నోరు తెరిచింది.

దాన్ని మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు గారికి ఉన్నది చెప్పాను. హైదరాబాద్ స్నేహితుడు చెప్పినట్టు సూది మందు వేశాడు. రోజూ తీసుకొచ్చి దానికి నీళ్లు ఎక్కించుకుని వెళ్లమన్నాడు. నెల రోజులు పశువుల మధ్య అట్టపెట్టె పట్టుకుని కూర్చున్నాను. ఈలోగా వానలు తగ్గి పార్సిల్ పురుగులు బతికి రావడం మొదలైంది. గెకో బతికింది. తోక మళ్లీ పూర్వపు కొలతకి రాలేదు గానీ, ఇక తగ్గడం లేదు.

కానీ నా చేతి తిండి తినదు. వేళ్లతో అందిస్తే తల పక్కకి తిప్పేస్తుంది. పట్టకారుతో ఇచ్చినా అంతే. గిన్నెలో వేసి నేను గది బయటికి వెళ్లిపోవాలి. తలుపు వెనక నిలబడితే, కాసేపటికి గిన్నె కదిలిన చప్పుడు వినిపిస్తుంది. ఏం చెప్పి నమ్మించను దానికి, నాకు తెలియదే అని?

మాఘమాసంలో అన్నయ్య వచ్చాడు. బస్తా భుజాన వేసుకుని గేటు తీసుకుని వచ్చి, వరండాలో దించాడు. కళ్లు మూసుకుని తినమని అనలేదు. అమ్మాయ్ అని నన్ను ఒకసారి పిలిచాడు. నేను లోపల మిషన్ తొక్కుతున్నాను. ఆపలేదు. సెలవులకి వచ్చిన మా అమ్మాయి మంచినీళ్లిస్తే తాగాడు. బల్లి ఎలా ఉందని అడిగాడు. తింటోంది మామయ్యా అంది. మెట్టు మీద ఇంకాసేపు కూర్చున్నాడు. కుట్టాల్సిన బట్ట అయిపోయినా నేను ఉత్త మిషనే తొక్కుతూ కూర్చున్నాను.

ఆ ఈడ్చే నడక వీధి మలుపు తిరిగిందని చప్పుడును బట్టి తెలిశాకే బయటికి వచ్చాను. బస్తా మూతికి మా నాన్న వేసే ముడే వేసి ఉంది. విప్పకుండా పక్కన కూర్చున్నాను. గోనె సందుల్లోంచి ఎండు మిరప ఘాటు వస్తోంది. ఆ వాసన నాకు ఇంకా ఇష్టమే. నా ఏడుపంతా అదే.