గుమ్మం దగ్గరే ఆగిందా?

ల్యాబ్‌లో బకెట్‌లోకి ఐస్ తోడుతుంటే వచ్చే కరకర చప్పుడు వింటే చాలు, నాకు రాజ్యలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు. షికాగో దగ్గర నేను మొదట చేరిన ల్యాబ్‌లో నాకు పని నేర్పింది ఆవిడే. మా పని లైపోజోమ్‌లతో. అంటే కొవ్వు పొరతో చేసిన, కంటికి కనబడనంత చిన్న బుడగలు. లోపల మందు నింపి, పైన ఫోలేట్ అనే విటమిన్ తగిలిస్తాం. కొన్ని క్యాన్సర్ కణాలు ఆ విటమిన్‌ను మామూలు కణాలకన్నా ఎక్కువగా పట్టుకుంటాయి. బుడగ వాటినే వెతుక్కుంటూ పోవాలని మా ఆశ.

బుడగల్లో కలిపిన మెరిసే రంగు వల్ల, ఒకరోజు మైక్రోస్కోప్‌లో ప్రతి క్యాన్సర్ కణం చుట్టూ ఆకుపచ్చ వలయం వెలిగింది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

"అతుక్కున్నాయి మేడమ్!"

ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి తీరిగ్గా చూశారు. "కణాలున్న ప్లేట్‌ని ఐస్ మీదే ఉంచావా?"

"అవునండీ. పాడవకూడదని."

"సరే. శనివారం మా ఇంటికి భోజనానికి రా, చెప్తా."

నేపర్‌విల్‌లో వాళ్లింటి తలుపు తీయగానే చెప్పుల గుట్ట. పక్కనే ఒక అంకుల్ బూట్లు విప్పేసి, సాక్సులతో అక్కడే నిలబడి ఆఫీస్ కాల్ మాట్లాడుతున్నారు. మేడమ్ నా చెవిలో గుసగుసగా అన్నారు. "చూశావా? మనింటికి వచ్చేశాడు. కానీ పులిహోర తిన్నాడా? నీ లైపోజోమూ అంతే. చల్లగా ఉంటే కణం దాన్ని మింగదు. వార్మ్ చేసి చూడు."

సోమవారం ప్లేట్‌ని వెచ్చబెట్టాను. వలయం చెదిరి, వెలుగు చుక్కలు చుక్కలుగా కణాల లోపలికి చేరింది. భోజనాల వేళ కూడా నేను ఆ కుర్చీలోంచి లేవలేదు.

కొన్నేళ్లకు ఆవిడకే అండాశయ క్యాన్సర్ వచ్చింది. ఆస్పత్రిలో ఆవిడకు ఎక్కించిన ఎర్రటి మందు కూడా లైపోజోమ్‌లో పెట్టినదే. కాకపోతే మా ఫోలేట్ లాంటిదేమీ దానికి లేదు. నేను చూడ్డానికి వెళ్తే, ఆవిడ ఆ మందు దిగుతున్న గొట్టాన్నే కుతూహలంగా చూస్తూ అడిగారు.

"ఇది లోపలికి పోతోందంటావా? ఆ అంకుల్‌లా గుమ్మం దగ్గరే ఫోన్ మాట్లాడుతోందా?"

పోతోందని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కానీ నిజమే చెప్పాను. "తెలీదు మేడమ్."

"ఆఁ, అలా చెప్పు. మరి కనుక్కో."

ఆ వేసవి దాటకుండానే వెళ్లిపోయారు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది, మా బుడగల మీద, వాటి నత్తనడక మీద.

నిన్న నా స్టూడెంట్ పరుగున వచ్చి, మెరుస్తున్న వలయాన్ని చూపించి "బైండ్ అయింది!" అంది. బాగుందన్నాను. వెంటనే, "లోపలికి వెళ్లిందా?" అని అడిగాను. అడిగాక, ఆ గొంతు నాది కాదనిపించింది. మేడమ్‌కి ఇవ్వాల్సిన జవాబు ఇంకా నా దగ్గర లేదు. ఈ ఉదయం మళ్లీ ఐస్ తోడుతున్నాను.