పేరు లేని పదకొండు నెలలు

మా అమ్మాయికి రెండో కాన్పు మస్కట్‌లో అయింది. అల్లుడు అక్కడ కంపెనీ బస్సు నడుపుతాడు. అమ్మాయి ఒక పళ్ళ ఆసుపత్రిలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఆడపిల్ల పుట్టిందని ఫోను రాగానే నేను చెప్పిన మొదటి మాట, పేరు మాత్రం పెట్టొద్దని. అంతర్వేది గుడికి తీసుకొచ్చి పుట్టువెంట్రుకలు తీయించాక, స్వామి ఎదుటే బియ్యంలో రాసి పెట్టుకుందామని.

ఊరికే అనలేదు. మొదటి కాన్పు రాజోలు దగ్గర మా ఇంట్లోనే అయింది. మగపిల్లాడు. ఇరవై ఒకటో రోజున నలుగురినీ పిలిచి పేరు పెట్టుకున్నాం. వారం తిరక్కుండా పోయాడు. జ్వరం తలకెక్కిందని డాక్టర్లు అన్నారు. పేరు పెట్టి పిలిచాం కాబట్టే వెళ్ళిపోయాడని నా మనసుకు తోచింది. అప్పుడు మొక్కుకున్న మొక్కు ఇది.

అమ్మాయి సరేనంది. ప్రతి శుక్రవారం ఫోనులో పాపను చూపించేది. బోర్లాపడింది, పాకింది, పళ్ళొచ్చాయి. ఎప్పుడొస్తారమ్మా అంటే సెలవు దొరకడం లేదనేది. నేను నమ్మాను. పాపకు పట్టులంగా గుడ్డ కొని, పిల్ల పెరిగిపోతోందని కుట్టించకుండా బీరువాలోనే ఉంచాను.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా మా వియ్యపురాలు దిగింది. వాళ్ళది బండారులంక, నేత ఇల్లు. మగ్గం ఆపి బస్సెక్కి వచ్చిందంటేనే ఏదో ఉందని అర్థమైంది. కాఫీ ఇస్తే పక్కన పెట్టింది.

"సెలవు సంగతి కాదండీ వదినగారూ. పేరు లేందే పాపకి పాస్‌పోర్టు ఇవ్వరంట. పాస్‌పోర్టు లేందే విమానం ఎక్కనివ్వరు. మరి మీ అంతర్వేది ఎలా వస్తాదండీ?"

నాకు నవ్వొచ్చింది. తల్లీ తండ్రీ ఇక్కడివాళ్ళే కదా, పిల్ల ఇక్కడిది కాకుండా ఎక్కడిదవుతుంది అన్నాను.

"ఆయ్, నేనూ మావోడితో అదే అన్నానండి. అమ్మానాన్నా మనోళ్ళయితే సరిపోదంట. ఏడాది నిండేలోగా అక్కడి మన ఎంబసీలో పుట్టుక రాయించుకోవాలంట. దాటితే ఢిల్లీ వాళ్ళు ఒప్పుకోవాలంట. అక్కడ పుట్టిందని ఆ దేశం వాళ్ళు తమ పిల్లంటారా, అనరంట. మీ మొక్కు బాగానే ఉంది గానీ, నా మనవరాలు ఏ దేశానిదీ కాకుండా పాకుతోందండి."

పాప పుట్టిన రోజున మా చేలో సార్వా వరి కోత అయి కుప్ప వేస్తున్నారు. ఇప్పుడు అదే చేను మళ్ళీ పండి వాలి ఉంది. వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. ఏడాది నిండడానికి పందొమ్మిది రోజులు.

ఆ రాత్రి కన్ను మూతపడలేదు. పొద్దున్నే వియ్యపురాలితో కలిసి అమలాపురం వెళ్ళి, బస్టాండు దగ్గర దరఖాస్తులు పెట్టే షాపులో అడిగాను. అక్కడి అమ్మాయి ఓపిగ్గా తెర మీదున్నది రెండుసార్లు చదివి తెలుగులో చెప్పింది. వియ్యపురాలు చెప్పింది నిజమే. మొక్కుందని రాసి గడువు అడగకూడదా అంటే, మొక్కు రాసుకోడానికి ఇందులో గడి లేదండి అమ్మమ్మగారూ అంది. పోనీ ప్రస్తుతానికి పాప అని రాస్తే, అన్నాను.

"పెద్దయ్యాక కూడా పాపే అయిపోద్దండి. మార్చుకోవడం మళ్ళీ ఇంకో తిరుగుడు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేకపోయాను. మా అమ్మాయి నాకెందుకు చెప్పలేదన్నదే తొలిచేస్తోంది. ఇంటికొచ్చి ఫోను చేశాను. నా మొక్కుకి భయపడి ఊరుకున్నావా అని కేకలేశాను.

"నీ మొక్కు కాదమ్మా. నాకే భయం. ఫారం మూడుసార్లు తెచ్చేను. పేరు రాయబోతే చెయ్యి ఆడలేదు."

నేను ధైర్యం చెప్పాల్సినదాన్ని. భయం పెట్టినదాన్నీ నేనే. రేపు శుక్రవారం, పాపకి తలంటు పోసి ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నాను. ఫోను పెట్టేశాక దీపం ముందు నిలబడి, తప్పు నాది, పిల్ల మీద చూపకు స్వామీ అని చెప్పుకున్నాను.

మర్నాడు ఫోనులో మేం చూస్తుంటే అక్కడ అల్లుడు పళ్ళెంలో బియ్యం పోశాడు. పొడుగు గింజల బియ్యం. ఉంగరంతో ముందు శ్రీ రాస్తుంటేనే అక్షరం కూలిపోతోంది. మన బియ్యంలో అయితే నిలుస్తుందని వియ్యపురాలు ఇక్కడ పళ్ళెం నింపి నా ముందు పెట్టింది. పదకొండు నెలలుగా ఎవరికీ చెప్పకుండా మనసులో దాచుకున్న పేరు రాశాను. అమ్మాయి పాప చెవిలో మూడుసార్లు చెప్పింది. అందరూ పిలిచారు. నేను మాత్రం పిలవలేదు.

ఇక పాస్‌పోర్టు ఫోటో తంటా. పుట్టువెంట్రుకలు కళ్ళ మీద పడుతున్నాయి, కత్తిరించడానికి లేదు. కళ్ళు కనబడాలని ఎంబసీ వాళ్ళు ఫోటో తిప్పి పంపారు. అల్లుడు నేను పంపిన కొబ్బరినూనె గిన్నెడు రాసి, వెనక్కి దువ్వి మళ్ళీ తీయించాడు. ఆ ఫోటోలో పాప మా పంచాయతీ ప్రెసిడెంటులా ఉందని వియ్యపురాలు నవ్వింది.

నేను నవ్వలేదు. పేరు పెట్టిన రోజు నుంచి వారం దాటాలి నాకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసి, ఒళ్ళు వెచ్చగా ఉందా అని అడిగేదాన్ని. పేరు పెట్టిన తొమ్మిది రోజులకు ఎంబసీలో కాగితాలు తీసుకున్నారు. ఏడాది నిండడానికి ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి.

పాస్‌పోర్టు వచ్చింది. ఫోనులో చూపించారు, పేరు చదువుకున్నాను. సెలవు మాత్రం ఇంకా రాలేదు. ఈసారి నిజంగానే రాలేదని అల్లుడు ఒట్టేశాడు. పాప జుట్టు ముక్కు దాకా వచ్చింది. అందరూ ఆ పేరుతో పిలుస్తుంటే చటుక్కున తల తిప్పుతోంది. నేను పాపా అంటాను. నాకేసి కూడా తిప్పుతుంది. అంతర్వేదిలో ఆ జుట్టు దిగేదాకా నేను పిలవను.