ఇంజనీరుగారి ఇంగ్లీషు ఆట

నాకు ఇంగ్లీషు బడిలో కంటే ఎరువుల బస్తాల మీదే ఎక్కువ వచ్చింది. గుంటూరు జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని, తుంగభద్ర కాలవ కింద వరి పండిద్దామని సిరవార దగ్గరికి వచ్చినవాళ్లం మేము. మాలా వలసొచ్చినవాళ్లు ఉండే ఊరిని అక్కడ ఊరనరు, క్యాంపు అంటారు. పంచాంగం తప్ప క్యాంపులో వేరే పుస్తకం లేదు. సిరవార హైస్కూల్లో కన్నడంలో పాఠాలు చదువుకుని ఇంటికొచ్చాక, బస్తాల మీదా పురుగుమందు డబ్బాల మీదా ఆయిలింజను రేకు మీదా ఉన్న ఇంగ్లీషును కూడబలుక్కునేదాన్ని. అర్థాలతో నాకు పనిలేదు. మాట పొడుగ్గా ఉంటే చాలు, రోజంతా నోట్లో నానేసుకుని తిరిగేదాన్ని. దీనికేదో గాలి సోకిందని మా అమ్మ అనుమానం.

ఆ ఏడు కాలవ వదిలారు గానీ మా చివరి తూముకి చుక్క రాలేదు. ఎగువ క్యాంపుల్లో నాట్లు కూడా అయిపోయాయి. మా నారు మాత్రం మడిలోనే ముదిరిపోతోంది. తాగే బావిలోంచి బిందెలతో మోసి దాన్ని బతికించేవాళ్లం. నాట్లు పడకపోతే ఏడాదంతా కొనుక్కు తినాలి, కొనడానికి మా దగ్గర ఏమీ లేదు.

కాలవ చూసే ఇంజనీరుగారు వారానికోసారి జీపులో వచ్చేవారు. మైసూరు వైపు మనిషి. ఈ ఎండల్లో, ఈ నల్లరేగడిలో ఆయనకి తోచేది కాదు పాపం. జీపు బానెట్ మీద పేరుకున్న దుమ్ములో వేలితో మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసేవారు. ఆ మూడూ ఉన్న మాట చెప్పాలి, ఎంత పొడుగైతే అంత మంచిది. అక్కడున్న రైతుల్లో సంతకం చేయగలవాళ్లే తక్కువ. ఆయన మాత్రం చిరునవ్వుతో ఎదురుచూసేవారు.

కాలవ గేటు ఎత్తీ దించే లస్కరు కల్లూరు మనిషి. ఆయనే మావాళ్లకి దారి చూపించాడు.

"సాబ్‌కు అదొక షోకు. జవాబు చెప్తె ఖుష్ అయితడు. ఖుష్ అయితె గేటు ఎత్తుమంటడు. గింతే" అన్నాడు.

మావాళ్లు వెంటనే నమ్మేశారు. అధికారి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లే అలవాటు మా వైపు లేదు. ఈయనేమో నెయ్యి ముట్టడు, అరటిగెల పంపితే వెనక్కి పంపించాడు. అయితే ఈయన పుచ్చుకునేది ఇంగ్లీషు మాటలన్నమాట అని తేల్చుకున్నారు. క్యాంపులో అలాంటి సరుకు ఉన్నది నా దగ్గరే. మా అమ్మ నాకు తలంటి పోసి, ఉతికిన లంగా కట్టబెట్టి పంపింది.

ఆ వారం దుమ్ములో పి, యు, హెచ్ రాశారు. పదో తరగతి తప్పిన మా పక్కింటాయన ముందుకొచ్చి "పుష్" అన్నాడు. బ్యాంకు తలుపు మీద చూశాడట. ఇంజనీరుగారు పెదవి విరిచారు. మా నాన్న నా వీపు మీద చిన్నగా తట్టాడు.

"సూపర్‌ఫాస్ఫేట్" అన్నాను.

ఆయన ఒక్కో అక్షరం వేళ్లతో లెక్కపెట్టుకున్నారు. వేళ్లు చాలక మళ్లీ మొదటి వేలికి వచ్చారు. "తుంబా జాణె!" అని నా తల నిమిరారు, చాలా తెలివైన పిల్లనట. జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టి, "అమ్మాయిని బాగా చదివించండి" అని జీపెక్కి వెళ్లిపోయారు. మావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. పని అయిపోయిందనే అనుకున్నారు. నీళ్ల మాట నోరు తెరిచి అడగలేదు. ఇచ్చింది పుచ్చుకున్నాక ఇంకా అడగడం మర్యాద కాదు కదా!

మర్నాడు పొద్దున్నే క్యాంపంతా తూము దగ్గర నిలబడింది. ఆ మర్నాడూ నిలబడింది. తూములో తొండ తిరుగుతోంది. నీళ్లు అడగబోతే సిరా వచ్చింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు సరికదా, "నువ్వు బాగానే చెప్పావమ్మాయ్" అని ఓదార్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. పెన్నిచ్చినందుకు ఆయన మీద, నవ్వుకుంటూ ఇంటికి తిరిగొచ్చినందుకు మావాళ్ల మీద.

మళ్లీ వారం జీపొచ్చింది. నారు కొసలు అప్పటికి పండుబారి ఎండుతున్నాయి. ఆయన నన్ను చూసి హుషారుగా సి, డి, ఎస్ రాశారు. అందరూ నావైపు తిరిగారు. నాకు చూడగానే తట్టింది. ఇన్‌సెక్టిసైడ్, మా గొడ్లపాకలో డబ్బా మీద రోజూ చదివే మాట.

"తెలీదండి" అన్నాను.

"ఆలోచించు, ఆలోచించు" అన్నారాయన.

"తెలీదండి."

ఆయన మొహం చిన్నబోయింది. ఇక చెప్పేవాళ్లు లేరు, ఆట లేదు. ఆయన జీపువైపు తిరిగేసరికి మా నాన్నకి మాట్లాడక తప్పలేదు. "అయ్యా, మా తూముకి నీళ్లు" అన్నాడు.

ఇంజనీరుగారు ఆశ్చర్యపోయారు. మీ చివరి పొలాలకి వరి పండేటన్ని నీళ్లు కేటాయించనే లేదని, కాగితాల్లో అక్కడ జొన్న, పత్తి అని ఉందని, వరి ఎవరు వెయ్యమన్నారని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. ఆయన చేతిలో ఏమీ లేదట. మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాణ్ణి కదా అన్నారు.

పొలం అమ్మినవాడు ఈ సంగతి మాకు చెప్పలేదు. మేము అడగలేదు.

ఇంటికొచ్చే దారిలో నాన్న, "నీకు ఆ మాట తెలుసు కదే?" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"మంచి పని చేశావు" అన్నాడు.

ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోలేదు. గేదెను విప్పుకుని, తనే తోలుకెళ్లి నారుమడిలో వదిలాడు. రోజూ అటు చూస్తేనే కర్ర తగిలేది దానికి. కాసేపు భయపడి నిలబడి, తర్వాత గబగబా తినసాగింది. నాన్న దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మెల్లిగా తినవే, అంతా నీదే" అన్నాడు.