మాలలో ఉండి తాత కాలు పట్టుకున్నాను

లేదు, హనుమాన్ మాల తీసేసి పోలేదు. దీక్ష ఇంకా పదకొండు రోజులుంది, వనపర్తిలో ఫిజియోథెరపీ అసిస్టెంట్ కోర్సు సెలక్షన్ మాత్రం ఈ రోజే. అక్కడికి వైద్యానికొచ్చిన ఓ పక్షవాతం తాత కాలు పట్టుకుని మోకాలు వంచి చూపమంది సెలక్షన్ చేసే మేడం. నేను వంగగానే తాత మంచి చేత్తో నన్ను ఆపాడు.

“వద్దు స్వామీ. మాలల ఉన్నోళ్లు నా కాలు పట్టుకుంటె పాపం తగుల్తది.”

“పట్టుకోకుంటె సీటు ఎట్లిస్తం బాబు?” అంది మేడం.

“తాతా, నాకీ సీటు గావాలె. జర పట్టుకోనియ్యి” అన్నాను.

తాత ఆ ఒక్క చేతినే నుదుటికి ఆనించి, దండం పెడుతూ కళ్లు మూసుకున్నాడు. నా చేతుల్లో మోకాలు మెల్లగా వంగింది. మేడం ఏదో రాసుకుంది.

బయటికొస్తుంటే తాత పిలిచాడు. “రేపు గూడ నువ్వే వస్తవా స్వామీ?”

లిస్టు రేపు పెడతారట. మీరైతే తాతకు ఏం చెప్పేవాళ్లు?