బాలింతకు పడని నీళ్లు

వాము వేసి కాచిన నీళ్ల వాసన ఇల్లంతా నిండింది. మా రూతక్క మనవరాలు కానుపై ఆసుపత్రి నుంచి వచ్చింది; అడిగినప్పుడల్లా ఫ్లాస్కులోంచి వేడినీళ్లు వంచి ఇస్తున్నారు. అది చూస్తుంటే సంతోషం కంటే ముందు నాకు కోపమే వస్తుంది.

మా ఊరు ఓర్వకల్లు గుట్టల కింద. ఎండాకాలమంటే బండల మీది సెగ, రాలిన వేపపూత చేదు వాసన, పొద్దున్నే తాగే పులిసిన జొన్న అంబలి, మధ్యాహ్నం చర్చి అరుగు నీడలో రూతక్క నాతో ఆడిన అచ్చనగండ్లు. నేను ఓడి ఏడిస్తే కొంగులోని చింతచిగురు తీసి నోట్లో పెట్టేది. ఊరిబావి గిలకను మా పేట ఆడవాళ్లు ముట్టరాదు. పెద్దింటి జీతగాడు వచ్చి చేది పోసేదాకా కుండలతో ఎండలో నిలబడాలి. వానికి మనసు పుడితే కుండ నిండేది, లేకుంటే సగమే.

అలాంటి ఎండల్లో రూతక్క కానుపుకు మా ఇంటికి వచ్చి ఆడపిల్లను కన్నది. చీకటి కొట్టంలో, పొగలో, వెల్లుల్లి కారం కలిపిన అన్నం పెట్టి, నీళ్లు మాత్రం గుక్కెడంటే గుక్కెడే ఇచ్చేది అవ్వ.

“అవ్వా, నోరెండిపోతాండాది, రొన్ని నీళ్లియ్యి.”

“కన్నది నువ్వా, నీ నాలికా? పచ్చి బాలింతకు నీళ్లు పడవు, ఒళ్లు ఉబ్బుతాది. గమ్మునుండు.”

ఆ రోజుల్లోనే అమ్మ వెంట పెద్దింటికి పోయాను. అమ్మ పెరట్లో పేడకళ్లు ఎత్తుతుంటే, వసారాలో వాళ్ల కూతురు, ఆమె కూడా పచ్చి బాలింతే, ఇత్తడి చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతోంది. పరిగెత్తుకుంటూ వచ్చి అవ్వను అడిగాను.

“వాళ్ల ఒళ్లు వేరప్పా, మన ఒళ్లు వేరు” అంది.

నమ్మాను. అక్కా నమ్మింది. పాలు ఎండాయి, జ్వరం పట్టింది, ఎండలు తగ్గకముందే అక్కను గుట్ట కింద పూడ్చి వచ్చారు. బిడ్డను మేకపాలతో సాకాం.

బడి మొహం చూడని నేను పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. బాలింతకు మామూలు కంటే ఎక్కువ నీళ్లు కావాలని అలాంటి కాగితంలోనే చదివి, ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

నిన్న, పేటల్లోని బాలింతల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి వచ్చి, అప్పట్లో నీళ్లెందుకు ఇచ్చేవాళ్లు కాదని అడిగింది.

“పథ్యమని రాసుకుంటాండావా? పథ్యం కాదు తల్లీ, బావి మాది కాదు” అన్నాను.

ఆమె తలెత్తి, “మరి ఆ సంగతి మీ అవ్వకు తెలుసా తాతా?” అంది.

బావి పూడ్చేశారు, పెద్దింటివాళ్లు కర్నూలు చేరారు, కొట్టం ఉన్నచోట ఇప్పుడు రోడ్డు పోతోంది. అవ్వకూ అట్లాగే చెప్పి పెంచారేమోనని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. కానీ ‘వాళ్ల ఒళ్లు వేరు’ అని నాకు చెప్పేటప్పుడు అవ్వ నా మొహం చూడలేదు. ఆరిన పొయ్యిలోకి ఊరికే పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది.